యుద్ధం తర్వాత వచ్చేవారికి చోటెంత? ఇళ్లనూ పనినీ కలిపి లెక్కగట్టే పద్ధతి

యుద్ధం ముగిశాక వేలమంది, లక్షలమంది తమ ఊళ్లు విడిచి మరో ప్రాంతానికి చేరుకున్నప్పుడు, ఆ ప్రాంతం ఇంకా ఎంతమందిని ఇముడ్చుకోగలదు అనే ప్రశ్న అక్కడి ప్రభుత్వం ముందుకు వచ్చి తీరుతుంది. చరిత్ర విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవారు, తమ ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నవారు ఈ ప్రశ్నకు చాలాసార్లు జనసాంద్రత చూసి జవాబు చెబుతారు. చదరపు కిలోమీటరుకు జనం తక్కువగా ఉంటే చోటుందనీ, ఎక్కువగా ఉంటే లేదనీ తేల్చేస్తారు. 2011 జనగణన ప్రకారం మన ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం జిల్లాలో చదరపు కిలోమీటరుకు 463 మంది, విజయనగరం జిల్లాలో 359 మంది ఉన్నారు. ఆ లెక్కన విజయనగరంలో చోటు ఎక్కువ ఉండాలి, కానీ రెండు జిల్లాల నుంచీ జనం పని కోసం బయటికి వెళ్తూనే ఉన్నారు. వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది స్త్రీలు ఉండటానికి మగవారి వలస ఒక ముఖ్య కారణం. నేల ఉంది, ఊళ్లు ఉన్నాయి, అయినా ఉన్నవారికే ఏడాది పొడవునా పని చాలడం లేదు.

కాబట్టి నేల వైశాల్యాన్ని పక్కన పెట్టి, నివాసయోగ్యమైన గదులు ఎన్ని, జీతమో కూలో దొరికే పనులు ఎన్ని, ఆ రెండూ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి అనే మూడు ప్రశ్నలు పట్టుకోవాలి. ఈ మూడింటికీ జవాబులు ఎక్కడ వెదకాలో, వాటిని ఎలా కలపాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఈ వ్యాసంలో వివరిస్తాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, ఆస్ట్రేలియా, హాంగ్‌కాంగ్, పంజాబ్, పాలస్తీనాలలో జరిగినదాన్ని ఉదాహరణలుగా తీసుకుని, చివరకు మన తీరానికి తిరిగి వచ్చిన బర్మా (నేటి మయన్మార్) కాందిశీకుల విషయానికి వస్తాను.

హద్దూ తేదీ

ఏ లెక్కకైనా ముందు, ఏ హద్దుల లోపలి ప్రాంతం గురించి, ఏ తేదీనాటి పరిస్థితి గురించి మాట్లాడుతున్నామో కాగితం మీద రాసుకోవాలి. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా సోంపేట, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి, కోరాపుట్ వైపు కొండ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న జిల్లాలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న మళ్లీ హద్దులు మారి పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకీ, రాజాం విజయనగరం జిల్లాలోకీ వెళ్లాయి. 1931 జనగణనలో శ్రీకాకుళం జిల్లా కోసం వెదికేవారికి అది దొరకదు. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పట్టికలను తాలూకాలవారీగా విడదీసి, కావలసినవి కలుపుకోవాలి. ఈ పని చేయకుండా రెండు వేర్వేరు హద్దుల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చిన వ్యాసాలు చాలానే కనిపిస్తాయి, వాటి మీద ఆధారపడకూడదు.

తేదీ ఇంకా ముఖ్యం. 1946లో పశ్చిమ జర్మనీ నగరాలు శిథిలాలుగా ఉన్నాయి, తూర్పు ఐరోపా నుంచి తరిమివేతకు గురై వస్తున్న జర్మన్లను ఎక్కడ పడుకోబెట్టాలో అధికారులకు తోచలేదు. అదే దేశం 1955 డిసెంబరులో తన కర్మాగారాలకు మనుషులు చాలక ఇటలీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. నేల మారలేదు, మధ్యలో గడిచినవి పదేళ్లు కూడా కావు. అందువల్ల తేదీ లేకుండా ఎవరైనా ఒక ప్రాంతానికి ఇంత శక్తి ఉంది అని చెబితే ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దని నా అభిప్రాయం.

ఇళ్ల లెక్క

ఇళ్ల లెక్కకు మొదటి ఆధారం జనగణనలో భాగంగా జరిగే గృహగణన. 2011లో దేశం మొత్తం మీద సుమారు 33 కోట్ల గణన గృహాలు (దుకాణాల వంటివి కూడా కలిపి) ఉంటే, వాటిలో 2.46 కోట్లు ఖాళీగా ఉన్నట్టు నమోదైంది. ఆ పట్టికల్లో ఇంటి పరిస్థితిని బాగున్నది, నివాసయోగ్యం, శిథిలం అని మూడు రకాలుగా చూపిస్తారు. గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు, గదులెన్ని, నీరు ఇంటి ఆవరణలో ఉందా దూరంగా ఉందా అనే వివరాలు కూడా ఉంటాయి. కొత్తగా వచ్చేవారికి చోటు ఎంత ఉందో చూసేవారు ముందుగా ఖాళీ ఇళ్ల వరుస దగ్గరకు వెళ్తారు. అక్కడే జాగ్రత్త కావాలి.

ఖాళీ అని రాసిన ఇంట్లో మూడు రకాలు ఉంటాయి. మొదటిది శిథిలమైపోయి ఎవరూ ఉండలేనిది, దాన్ని తీసేయాలి. రెండోది యజమాని పని కోసం బయటికి వెళ్లగా తాళం వేసి ఉన్నది. ఉద్దానం ఊళ్లలో, బొబ్బిలి, పార్వతీపురం పల్లెల్లో సంక్రాంతి నాలుగు రోజులూ నిండుగా ఉండి మిగిలిన ఏడాదంతా తాళంతో కనిపించే ఇళ్లను చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. ఆ యజమాని ఇంటిని వదులుకోలేదు. బయటి నగరంలో పని పోయిన రోజున అతను మొదట వచ్చేది ఆ ఇంటికే కాబట్టి, దాన్ని ఇతరుల కోసం లెక్కపెట్టడం కుదరదు. మూడోది నిజంగా అద్దెకో అమ్మకానికో సిద్ధంగా ఉన్నది, లెక్కలో నిలిచేది ఇదొక్కటే.

యుద్ధానంతర చరిత్రలో నాలుగో రకం కూడా ఉంది, అది భయంతోనో బలవంతంతోనో విడిచిపెట్టి పోయినవారి ఇల్లు. 1947 తర్వాత ఢిల్లీలోనూ తూర్పు పంజాబ్‌లోనూ పాకిస్తాన్‌కు వెళ్లిన ముస్లింల ఇళ్లలో అక్కడి నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు చేరారు. ఆ ఆస్తుల నిర్వహణ కోసం 1950లో కేంద్రం ప్రత్యేక చట్టమే చేసింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు సుమారు 7 లక్షలమంది పాలస్తీనా అరబ్బులు నిర్వాసితులయ్యారు, వారి ఇళ్లలో అనేకం కొత్తగా వచ్చిన యూదు వలసదారుల నివాసాలయ్యాయి. ఇలాంటి ఇళ్ల వల్ల ఒక ప్రాంతం ఎక్కువమందిని ఇముడ్చుకున్నట్టు అంకెల్లో కనిపిస్తుంది, నిజానికి అంతమందినీ మరోచోటికి నెట్టడం జరిగింది. అందుకని నివేదికలో వీటిని విడిగా చూపించాలి, సాధారణ ఖాళీ ఇళ్లతో కలపకూడదు.

రకాలు తేలాక ఇళ్లను వదిలి గదులకు రావాలి. తీరంలోని మత్స్యకార గ్రామంలో ఒక చుట్టిల్లు, పట్టణంలో నాలుగు గదుల డాబా, రెండూ పట్టికలో ఒక్కొక్క ఇల్లే. వీలైతే ఒక వీధిని ఎంచుకుని స్వయంగా చూడటం మంచిది. మన పల్లెల్లో సాధారణంగా కనిపించే పాత పెంకుటింట్లో ముందు ఒక గది, వెనక వంటకూ సామానుకూ కలిపి ఒక గది, ముందు వసారా, దాని కింద అరుగు ఉంటాయి. ముందు గదిలో కొడుకూ కోడలూ పిల్లలూ, వసారాలో ముసలివారు పడుకుంటారు. అటువంటి ఇంటికి బయటి నుంచి తమ్ముడి కుటుంబం వచ్చిందంటే వసారాకు ఒక పక్క తడిక కట్టి గది చేస్తారు. పట్టికలో ఆ ఇంట్లో గదులు మూడైనట్టు రావచ్చు, కానీ పెరిగింది జనమే. గదుల సంఖ్యతో పాటు గదికి ఎంతమంది అన్నది కూడా రాసుకుంటే ఈ ఇరుకు బయటపడుతుంది.

ఒక్కొక్క మనిషికి ఎంత చోటు అనేదానికి కొలమానం ముందే నిర్ణయించుకోవాలి. విపత్తుల్లో సహాయం చేసే సంస్థలు నేడు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం, కప్పు కింద ఒక్కొక్కరికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలి, రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి. హాంగ్‌కాంగ్‌లో 1953 డిసెంబరు 25 రాత్రి షెక్ కిప్ మెయి గుడిసెల వాడ తగలబడి సుమారు 53,000 మంది నిలువనీడ లేనివారయ్యాక, ప్రభుత్వం కట్టిన బహుళ అంతస్తుల పునరావాస భవనాల్లో ఒక్కో పెద్ద మనిషికి 24 చదరపు అడుగులు, పదేళ్ల లోపు పిల్లలకు అందులో సగం ఇచ్చారు. 120 చదరపు అడుగుల గది ఐదుగురు పెద్దలకు సరిపోతుందని లెక్క. అది 2.2 చదరపు మీటర్ల చొప్పున పడుతుంది, అంటే నేటి అత్యవసర శిబిరపు కనీసం కన్నా తక్కువ. కొలమానాన్ని అంతగా కుదిస్తే ఏ ప్రాంతమైనా ఎంతమందినైనా ఇముడ్చుకోగలిగినట్టే కనబడుతుంది. కాబట్టి నివేదిక చదివేవారు మొదట వెదకవలసింది ఆ కొలమానాన్నే.

పాఠశాలలు, కల్యాణ మండపాలు, తుఫాను షెల్టర్లు ఈ లెక్కలోకి రావు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన రెండు జిల్లాలూ అనుభవించినట్టు, అవి కొద్ది రోజులు ప్రాణం కాపాడే చోట్లు. నెలల తరబడి కుటుంబాలు వాటిలో ఉండాల్సి వస్తే బడి నడవదు, ఆ కుటుంబాల బతుకూ నడవదు.

కొత్త ఇళ్లు కట్టగల శక్తి

ఉన్న ఇళ్లు చాలకపోతే కట్టవచ్చు కదా అంటారు. యుద్ధం తర్వాత అన్నిటికన్నా కొరతగా ఉండేవి కట్టుబడి సామగ్రి, కట్టే చేతులు. మన దేశంలో యుద్ధకాలంలో సిమెంటు మీద మొదలైన నియంత్రణ దశాబ్దాలపాటు ఏదో ఒక రూపంలో కొనసాగింది. ఈ లెక్కలో ఎన్ని ఇళ్లు కావాలి అన్నదానితో పాటు ఏడాదికి ఎన్ని కట్టగలరు అన్నది కూడా వేయాలి. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, రాడ్ బెండింగ్ చేసేవారు ఎంతమంది ఊళ్లో ఉన్నారు, ఎంతమంది హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిపోయారు, ఇటుక బట్టీలు వానాకాలంలో ఎన్ని నెలలు ఆగిపోతాయి, వంశధార, నాగావళి ఇసుక ఎంత దూరం నుంచి తోలాలి అనే వివరాలు అందుకు కావాలి.

ఆస్ట్రేలియా ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 1944లో అక్కడి కామన్వెల్త్ గృహ కమిషన్ దేశంలో సుమారు 3 లక్షల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అయినా 1945లో మొదటి వలస వ్యవహారాల మంత్రి అయిన ఆర్థర్ కాల్వెల్, వలసల ద్వారా ఏటా జనాభాలో ఒక శాతం పెరుగుదల సాధించాలని లక్ష్యం పెట్టారు. ఇళ్లు లేకుండానే ఇది ఎలా సాధ్యమైందంటే, పాత సైనిక శిబిరాలను వసతులుగా మార్చారు. వాటిలో పెద్దదైన బోనెగిల్లా 1947 నుంచి 1971 దాకా నడిచింది, 3 లక్షలమందికి పైగా దాని గుండా వెళ్లారు. ఐరోపా శరణార్థుల చేత, రెండేళ్లపాటు ప్రభుత్వం చూపిన చోట, చూపిన పని చేయాలని ఒప్పందం రాయించుకున్నారు. ఆ పనుల్లో ఆనకట్టలు, రోడ్లు, కట్టుబడి సామగ్రి తయారీ ఉన్నాయి, అంటే వచ్చినవారే తర్వాత వచ్చేవారికి చోటు కల్పించారు. ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో నేటి పాకిస్తాన్‌లోని వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన కాందిశీకులు తమ పట్టణాన్ని తామే కట్టుకున్న తీరు కూడా ఇటువంటిదే. కొత్తవారిలో పనివారు ఎంతమంది ఉన్నారో చూడకుండా వారిని కేవలం నోళ్లుగా లెక్కపెట్టే పద్ధతి ఒక ప్రాంతపు శక్తిని తక్కువ చేసి చూపిస్తుంది.

పని లెక్క

పనులను లెక్కించేటప్పుడు మనిషికి ఏడాది పొడవునా దొరికే పనినీ, కాలాన్నిబట్టి వచ్చే పనినీ విడదీయాలి. మన జిల్లాల్లో ఊడ్పులు, కోతల రోజుల్లో కూలీలు దొరకడం లేదని రైతులు వాపోతారు. సంక్రాంతి దాటాక వర్షాధార గ్రామాల్లో అదే కూలీలు మూటాముల్లె సర్దుకుని రైలెక్కుతారు. కోతల నెలలో సర్వే చేసినవారికి ఇక్కడ పని పుష్కలంగా ఉన్నట్టు, వేసవిలో చేసినవారికి అసలు లేనట్టు తోస్తుంది. అందుకని పనిదినాలను నెలలవారీగా రాసి, పన్నెండు నెలల మీద సర్దాలి.

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు పరిశ్రమలు, నెల్లిమర్ల గోగునార మిల్లు వంటివి వేరే రకం. పలాసలో పిక్కలు కొట్టడం, పప్పు మీది పొర తీయడం, గ్రేడు వారీగా విడదీయడం ఎక్కువగా స్త్రీల చేతుల మీద నడిచే పని. కిలోల లెక్కన కూలి వచ్చే ఇటువంటి చోట మనుషులు పెరిగితే పని పెరగదు, ఉన్న కిలోలనే ఎక్కువమంది పంచుకుంటారు. మిల్లు విషయంలో మూతపడే ప్రమాదం కూడా చూడాలి, ఎందుకంటే లాకౌట్ పడిన నెలలో ఒక్క మిల్లు మీద ఆధారపడిన ఊరంతా ఆగిపోతుంది.

పని ఆగితే వసతి ఉన్నా ఫలితం ఉండదనడానికి బోనెగిల్లాయే సాక్ష్యం. 1952లో ఆస్ట్రేలియా ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడు అక్కడ మంచాలున్నాయి, తిండి ఉంది, కానీ ఇస్తామన్న పని లేదు. ఆ ఏడాది జూలైలో ఇటలీ నుంచి వచ్చిన కార్మికులు, పని ఇవ్వండి లేదా వెనక్కి పంపండి అంటూ ఆందోళనకు దిగారు, వలసల లక్ష్యాన్ని కూడా ప్రభుత్వం బాగా తగ్గించుకుంది.

వ్యవసాయ భూమి ఇచ్చి నిలబెట్టే ప్రాంతమైతే ఎకరాలను లెక్కపెట్టడం చాలదు. విభజన తర్వాత పశ్చిమ పంజాబ్‌లో హిందువులు, సిక్కులు వదిలి వచ్చిన భూమి సుమారు 27 లక్షల హెక్టార్లు, తూర్పు పంజాబ్‌లో వారికి పంచడానికి దొరికినది సుమారు 19 లక్షల హెక్టార్లు. పైగా అక్కడిది ఎక్కువగా కాలువ నీటి భూమి, ఇక్కడిది చాలావరకు వానమీద ఆధారపడినది. తర్లోక్ సింగ్ అనే అధికారి దీనికి ప్రామాణిక ఎకరా అనే కొలత తయారుచేశారు. విస్తీర్ణానికి బదులు పది, పదకొండు మణుగుల (ఉత్తరాది మణుగు, సుమారు 37 కిలోలు) వరి పండే భూమిని ఒక ప్రామాణిక ఎకరాగా తీసుకున్నారు. తక్కువ పండే చోట ఒక ప్రామాణిక ఎకరాకు ఎన్నో మామూలు ఎకరాలు పట్టేవి. ఎక్కువ భూమి వదిలి వచ్చినవారికి ఎక్కువ కోత పెట్టి, మొదటి పది ఎకరాలకు 25 శాతం దగ్గర మొదలుపెట్టి, 500 ఎకరాలు దాటినదానికి 95 శాతం దాకా తగ్గించారు. మన దగ్గర లెక్కవేసేవారు కూడా వంశధార కాలువ కింది ఎకరాను, ఉద్దానం ఇసుక నేల ఎకరాను, మన్యం వాలు మీది ఎకరాను ఒకే గాటన కట్టకుండా, పంట దిగుబడితో తూచి చూడాలి.

పాతవారి పని పోతుందా అన్నది కూడా ఈ లెక్కలో భాగమే. మన తెలుగు కూలీలు వలస వెళ్లిన బర్మా రాజధాని రంగూన్‌లోనే దీనికి గుర్తుండిపోయే ఉదాహరణ ఉంది. 1930 మే నెలలో రేవులో పనిచేసే తెలుగు కూలీలు సమ్మె చేయగా యజమానులు బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరాక మళ్లీ తెలుగువారినే తీసుకోవడంతో ఘర్షణ మొదలై నగరమంతా అల్లర్లు చెలరేగాయి. ఒక్కటే పనికి ఇద్దరు కాపు కాసే చోట, పట్టికలో ఎంత చోటున్నా మనుషుల మధ్య చోటు ఉండదు.

రెండు లెక్కలనూ ఒకే పటం మీద పెట్టడం

ఇది ఈ పద్ధతిలో అత్యంత ముఖ్యమైన మెట్టు, చాలా నివేదికలు తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే. ఒక ఊహా మండలాన్ని తీసుకుందాం. అందులో 900 ఖాళీ ఇళ్లు కనిపించాయనుకోండి. 300 శిథిలాలు, 350 యజమానులు తాళం వేసి వెళ్లినవి తీసేస్తే 250 మిగిలాయి, ఇంటికి నలుగురు చొప్పున 1,000 మందికి చోటుంది. పని వైపు చూస్తే పట్టణంలో ఏడాది పొడవునా ఉండేవి 200 కొలువులు, పల్లెల్లో మూడు నెలల పాటు దొరికేవి 800 పనులు. ఈ 800ను ఏడాదికి సర్దితే 200 పూర్తికాలపు పనులతో సమానం. మొత్తం 400 పనుల మీద, తనతో కలిపి ఒక్కొక్కరి మీద రెండున్నర మంది ఆధారపడతారనుకుంటే 1,000 మంది బతకవచ్చు. ఇళ్ల లెక్కా వెయ్యే, పని లెక్కా వెయ్యే కాబట్టి వెయ్యిమందిని తీసుకోవచ్చని తేల్చేస్తే తప్పవుతుంది.

ఆ 250 ఇళ్లలో పట్టణం దగ్గర ఉన్నవి 60 మాత్రమే, మిగతా 190 లోపలి పల్లెల్లో ఉన్నాయని పటంలో తేలిందనుకుందాం. పట్టణపు 200 కొలువులు 500 మందిని పోషించగలవు గానీ అక్కడ 240 మందికే ఇళ్లున్నాయి. పల్లెల్లో 760 మందికి ఇళ్లున్నాయి గానీ పని 500 మందికే చాలుతుంది. కాబట్టి నిజంగా నిలబడేది 240, 500 కలిపి 740 మంది. పల్లె నుంచి పట్టణానికి ఉదయం షిఫ్టుకు అందేలా ఒక బస్సు వేస్తే, పల్లెలో మిగిలిన 260 మంది చోటూ, పట్టణంలో 260 మందిని పోషించే కొలువులూ కలిసి లెక్క మళ్లీ వెయ్యికి చేరుతుంది. రోడ్డు, బస్సు, రైలు పాసు కూడా ఇళ్ల లెక్కలో భాగమే అనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఉండదు.

పశ్చిమ జర్మనీలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. తరిమివేతకు గురై 1950 నాటికి చేరినవారు సుమారు 80 లక్షలమంది. రూర్ వంటి పారిశ్రామిక ప్రాంతపు నగరాలు బాంబులతో కూలిపోవడం వల్ల వారిని ఇళ్లు మిగిలిన ష్లెస్విగ్-హోల్‌స్టైన్, దిగువ సాక్సనీ, బవేరియా పల్లెల్లో పెట్టారు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు దాదాపు అలా వచ్చినవారే అయ్యారు, అక్కడి నిరుద్యోగం దేశంలోకెల్లా తీవ్రమైంది. బొగ్గు గనులూ ఉక్కు కర్మాగారాలూ ఒక చివర, మనుషులు మరో చివర ఉండిపోయారు. 1950 నాటి మొదటి గృహనిర్మాణ చట్టం ఆరేళ్లలో 18 లక్షల ఇళ్లు కట్టాలని లక్ష్యం పెట్టడం, ఆ మూడు రాష్ట్రాల నుంచి పని ఉన్న రాష్ట్రాలకు కుటుంబాలను తరలించడం, 1952లో యుద్ధనష్టం లేనివారి ఆస్తి మీద సగం మేర పన్ను వేసి దాన్ని ముప్ఫై ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకోవడం, ఇవన్నీ ఆ దూరాన్ని పూడ్చడానికి జరిగినవే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ మన పొరుగునే ఉంది. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ దాటితే తగిలే దండకారణ్యంలో, 1958లో మొదలైన ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులకు భూమి, ఇల్లు ఇచ్చారు. పటం మీద చూస్తే అక్కడ జనం పలుచన, నేల విస్తారం. కానీ డెల్టా నీటిలో వరి పండించిన రైతులకు ఆ మెట్ట నేలలో పంట నిలవలేదు, దగ్గర్లో కూలి పని గానీ పెద్ద సంత గానీ లేవు. 1978లో వేలాది కుటుంబాలు ఆ ఇళ్లనూ భూములనూ విడిచి బెంగాల్ సుందరబన్స్ వైపు వెళ్లిపోయాయి.

తాగునీరు, తిండిగింజలు, వైద్యం విషయాలను ఎక్కువగా వివరించను, ఎందుకంటే వాటికి కలెక్టరు కార్యాలయంలోనూ మండల స్థాయిలోనూ లెక్కలు సులభంగా దొరుకుతాయి. ఎండాకాలపు నీటి మట్టాన్ని తీసుకోవాలి, వానాకాలానిది తీసుకోకూడదు అన్నంత వరకు గుర్తుంచుకుంటే చాలు.

ఆ అంకె చెప్పింది ఎవరు?

ఇముడ్చుకునే శక్తి అనే ఆలోచనను పాలనా సూత్రంగా వాడిన ప్రసిద్ధ ఉదాహరణ బ్రిటిష్ పాలనలోని పాలస్తీనా. అక్కడికి వచ్చే యూదు వలసదారుల సంఖ్య ఆ దేశపు ఆర్థిక శక్తిని మించకూడదని 1922 శ్వేతపత్రం చెప్పింది. 1930లో హోప్ సింప్సన్ నివేదిక, అప్పటి సాగు పద్ధతులతో కొత్తవారికి పంచడానికి భూమి లేదని తేల్చింది. మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ లేఖ ఆ వైఖరిని సడలించింది. 1939 శ్వేతపత్రం వచ్చే ఐదేళ్లకు 75,000 అనే హద్దు పెట్టి, ఆ తర్వాత అరబ్బుల అంగీకారం కావాలంది. 1946లో ఆంగ్లో-అమెరికన్ కమిటీ ఒకేసారి లక్షమందికి అనుమతి ఇమ్మని సిఫార్సు చేసింది. అంత తక్కువ కాలంలో నేలా నీరూ ఇన్నిసార్లు మారవు. మారింది రాజకీయం. లెక్క వేసినవారికి ఏ ఫలితం కావాలో తెలుసుకున్నాకే ఆ అంకెను వాడుకోవాలి. వలసను ఆపాలనుకునేవారు సాంద్రతనూ, పెంచాలనుకునేవారు ఖాళీ నేలనూ చూపిస్తారు, రెండువైపులా గదుల గురించి మాట్లాడేవారు తక్కువ.

మన తీరానికి తిరిగి వచ్చినవారు

ఇప్పుడు ఈ పద్ధతిని బర్మా కాందిశీకుల మీద ప్రయోగించి చూద్దాం. 1931లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే, వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు రేవుల్లోనూ ధాన్యం మిల్లుల్లోనూ పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, 1942లో సుమారు 5 లక్షలమంది భారతీయులు ఓడల మీదా, అడవి దారుల్లో కాలినడకనా బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి.

ఇళ్ల లెక్కలో ఈ రాక సరిగా కనిపించదు, ఎందుకంటే వచ్చినవారిలో ఎక్కువమంది తమ సొంత ఊళ్లకు, అన్నదమ్ముల ఇళ్లకు చేరారు. పైన చెప్పిన తడిక కట్టిన వసారాలు ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి. శిబిరాలు ఎన్ని అని వెదికేవారికి ఈ జనం దొరకరు, గదికి ఎంతమంది అని వెదికేవారికి దొరుకుతారు.

పని లెక్కలో దెబ్బ రెండింతలైంది. తిరిగి వచ్చిన కూలీ ఇంట్లో తినే నోరు ఒకటి పెరిగింది, అదే రోజు నుంచి బర్మా నుంచి వచ్చే మనియార్డరు ఆగిపోయింది. సొంత ఊరికి తిరిగి వచ్చేవారి విషయంలో ఆగిపోయిన ఈ మనియార్డరును పని లెక్కలోంచి తప్పనిసరిగా తీసివేయాలి, కొత్తగా వచ్చే పరాయివారి విషయంలో ఈ బెడద ఉండదు. పైగా బర్మా బియ్యం దిగుమతి కూడా ఆగిపోవడంతో ధరలు పెరిగాయి. 1933లో తెరిచిన విశాఖ రేవు, 1941 జూన్‌లో శంకుస్థాపన జరిగిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం వంటి చోట్లే జీతపు పని పెరిగే అవకాశం ఉంది, తిరిగి వచ్చినవారి ఇళ్లేమో సోంపేట, టెక్కలి, నరసన్నపేట పల్లెల్లో ఉన్నాయి. పైన ఊహా మండలంలో చూసిన 260 మంది సమస్య ఇదే.

1962 మార్చి 2న నె విన్ సైనిక పాలన మొదలయ్యాక, 1964 నాటికి దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేయడంతో లక్షలాదిమంది భారతీయులు మళ్లీ బర్మా విడిచి వచ్చారు. ఈసారి వచ్చినవారిలో రెండు మూడు తరాలుగా అక్కడే ఉన్నవారు చాలామంది, వారికి ఊళ్లో తలదాచుకునే అన్నదమ్ముల ఇల్లు లేదు. అందువల్ల వారి కోసం విడిగా వసతులు కట్టాల్సి వచ్చింది, విశాఖలోని బర్మా క్యాంపు పేరు ఆ కాలం నుంచే నిలిచింది. 1942లో వచ్చినవారు పల్లెల్లో కలిసిపోయి పట్టికల్లో కనిపించకుండా పోతే, 1960లలో వచ్చినవారు పని ఉన్న నగరం పక్కనే పేటలుగా కనిపిస్తారు. మీ ఊళ్లో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలుంటే, ఏ ఏడాది వచ్చారు, మొదటి రాత్రి ఎవరి ఇంట్లో పడుకున్నారు, మొదటి కూలి ఎక్కడ దొరికింది, ఇంటికీ ఆ పనికీ ఎంత దూరం అనే నాలుగు ప్రశ్నలు వేసి రాసుకోండి. పెద్దవారు ఇంకా ఉండగానే అడగాలి, ఈ జవాబులు ఏ జనగణన పట్టికలోనూ లేవు.

ఫలితం రాసే తీరు

చివర ఒకే అంకె ఇవ్వకుండా, ఏ షరతు మీద ఎంతమంది అని మూడు వరుసలు రాయాలి. ఉన్న ఇళ్లు, ఉన్న పనితో మొదటి ఏడాది ఎంతమంది, రవాణా కల్పిస్తే ఎంతమంది, ఏటా కట్టగల ఇళ్లు కలిపితే ఐదేళ్లకు ఎంతమంది అన్నవే ఆ వరుసలు. ప్రతి వరుస పక్కన ఒక్కో మనిషికి తీసుకున్న చదరపు మీటర్లు, ఒక్కో పని మీద ఆధారపడినవారి సంఖ్య, సర్వే చేసిన నెల తప్పకుండా ఉండాలి. ఇతరులు ఆ మూడింటిలో దేన్ని మార్చినా ఫలితం ఎంత మారుతుందో తామే వేసి చూసుకోగలగాలి. 2011 తర్వాత జరగాల్సిన జనగణన వాయిదా పడినందున, ఇప్పటి లెక్కలకు పాత పట్టికలు వాడేవారు ఊరి పంచాయతీ ఇంటి పన్ను రికార్డుతోనూ ఓటర్ల జాబితాతోనూ కనీసం ఒక్క గ్రామాన్నయినా సరిచూసుకోవాలి. కొత్త గృహగణన పట్టికలు వచ్చిన రోజున శిథిలాల సంఖ్యనూ, తాళం వేసిన ఇళ్ల సంఖ్యనూ ముందుగా మార్చి, ఆ తర్వాతే మిగతా లెక్క వేయాలి.